మెట్ల కింద పిల్లి, ఇంట్లో పిల్లి

శంషాబాద్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అందులోని సంగతి చాలా ఇళ్ళలో ఉన్నదే కాబట్టి సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

“డాక్టరు గారికి నమస్కారాలు. మా ఇంట్లో నాలుగేళ్ళుగా ఒక పెంపుడు పిల్లి ఉంది. దానికి టీకాలు వేయించాం. బయటికి పోదు. నెల రోజులుగా మా మెట్ల కింద ఇంకొక పిల్లి చేరింది. బాగా బక్కచిక్కి ఉంది. మా తొమ్మిదేళ్ళ బాబు రోజూ దానికి పెరుగన్నం పెడుతున్నాడు. ఇంట్లోకి తెచ్చుకుందామని ఒకటే గొడవ. మొన్న తలుపు తీసి ఉంటే అది లోపలికి వచ్చింది. మా పిల్లి దాన్ని చూసి బుసకొట్టి మీద పడింది. ఆనాటి నుంచి మా పిల్లి సరిగ్గా తినడం లేదు. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఆయాసం వస్తుందని మా అత్తగారు భయపెడుతున్నారు. ‘ఎవరినైనా గీరిందంటే ఆ రోజే తీసుకుపోయి దూరంగా వదిలేస్తాను’ అని మావారు అంటున్నారు. మా ఆడపడుచు రెండు నెలల్లో పురిటికి వస్తోంది. ఆ పిల్లిని తెచ్చుకోవచ్చా? రెండూ ఒకచోట ఉంటాయా? వాటివల్ల మాకేమైనా జబ్బులు వస్తాయా?”

అమ్మా, నేను మనుషుల డాక్టర్ని. పిల్లుల సంగతి పశువైద్యులైన మిత్రులను అడిగి తెలుసుకుని మరీ రాస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను. కారణాలు తర్వాత చెప్పుకుందాం.

ఆ పిల్లిని తెచ్చుకోవచ్చు. కాని తెచ్చిన రోజునే మీ పిల్లితో కలపకూడదు. తక్కువలో తక్కువ పదిహేను రోజులు వేరే గదిలో ఉంచాలి. ఇది మొదటి మాట. మీవారు అన్న మాటను ఆయన ఈ రోజే వెనక్కి తీసుకోవాలి. ఇది రెండో మాట. మొదటిదానికన్నా ఈ రెండోదే ముఖ్యం. ఎందుకో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది.

చిరుతకైనా ఇదే పద్ధతి

2024 ఏప్రిల్ చివర్లో మీ శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీగోడ దాటి ఒక చిరుత లోపలికి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అటవీశాఖవారు బోనులు పెట్టి, మేకను ఎర వేసి, మే మొదటివారంలో దాన్ని పట్టుకున్నారు. పట్టుకోగానే నేరుగా అడవిలో వదిలేయలేదు. ముందు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు తరలించి, దాని ఆరోగ్యం ఎలా ఉందో చూసుకుని, ఆ తర్వాతే నల్లమల అడవికి పంపారు.

అదే విమానాశ్రయంలో ఎవరైనా విదేశం నుంచి పెంపుడు పిల్లిని వెంట తెచ్చుకుంటే జంతు క్వారంటైన్ శాఖవారు దాని ఆరోగ్యపత్రం, టీకాల పత్రం చూడనిదే బయటికి పంపరు. క్వారంటైన్ అనే మాటకు అసలు అర్థం నలభై రోజులు. ప్లేగు వ్యాధి ఉన్న రోజుల్లో వెనిస్ రేవుకు వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా నిలిపి ఉంచేవారు. 2020లో కరోనా వచ్చి ఆ మాటను మన పల్లెటూళ్ళలో కూడా అందరి నోటా పలికించింది.

అడవిలో వదిలే చిరుతకు, విమానం దిగిన పిల్లికి ఇన్ని పరీక్షలున్నప్పుడు, ఎక్కడెక్కడ తిరిగిందో తెలియని పిల్లిని మన మంచం మీదికి రానిచ్చేముందు పదిహేను రోజులు ఆగడం ఏమంత పెద్ద పని?

ఆ పదిహేను రోజులు దేనికి?

పిల్లులకు వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు ఉంది. ఒంట్లో వైరస్ ప్రవేశించిన రెండు రోజుల నుంచి పది రోజుల లోపు లక్షణాలు బయటపడతాయి. పైకి బాగానే కనిపిస్తున్న పిల్లి కూడా అప్పటికే ఆ వైరస్‌ను మోస్తూ ఉండవచ్చు. ముక్కు కారడం, కళ్ళు పుసులు కట్టడం, తుమ్ములు, నోటిలో పుళ్ళు తెచ్చే వైరస్‌లు మరి రెండున్నాయి. ఇవన్నీ ఒక పిల్లి నుంచి మరొక పిల్లికి చాలా తేలికగా అంటుకుంటాయి. ఒకే పళ్ళెంలో తింటే చాలు. మొదటిదాన్ని తాకిన చేత్తోనే రెండోదాన్ని తాకినా చాలు.

ఇవికాక పేలు, పిడుదులు, నులిపురుగులు, చెవిలో పురుగులు, చర్మానికి తామర ఉండవచ్చు. కొన్ని పిల్లుల రక్తంలో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్‌లు ఉంటాయి. అవి కాట్ల ద్వారా, లాలాజలం ద్వారా ఇతర పిల్లులకు సోకుతాయి. రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. వాటి పేర్లు వింటే భయం వేస్తుంది గాని అవి మనుషులకు అంటవు.

కాబట్టి పిల్లిని ఇంటికి తెచ్చేముందే, లేదా తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పశువైద్యుడికి చూపించండి. మీకు దగ్గరలోనే రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. నగరం లోపలికి వచ్చేవారికి నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. నులిపురుగుల మందు, పేల మందు, పిల్లి జబ్బుల టీకా, రేబిస్ టీకా ఎప్పుడెప్పుడు వేయాలో వారు రాసిస్తారు. మీ పాత పిల్లి టీకాల గడువు దాటిందేమో కూడా ఆ రోజే చూపించుకోండి.

పిల్లి మగదైనా, ఆడదైనా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడం తప్పనిసరి. నవ్వకండి. ఆడపిల్లి అయిదో నెలకే చూలు కట్టగలదు. తొమ్మిది వారాల్లో ఈనుతుంది. దయతో ఒక పిల్లిని తెచ్చుకున్న ఇల్లు ఏడాది తిరిగేసరికి డజను పిల్లులతో నిండిపోతుంది. మగపిల్లికి ఆపరేషన్ చేయిస్తే పోట్లాటలు, గోడల మీద మూత్రం చిమ్మడం చాలావరకు తగ్గుతాయి. మగపిల్లికి ఆపరేషన్ అయినా కొన్ని వారాలపాటు జాగ్రత్తగానే ఉండాలి. ఇంట్లో ఆపరేషన్ కాని ఆడపిల్లి ఉంటే ఆ నెల్లాళ్ళు కలవనివ్వకూడదు.

గది ఎలా ఉండాలి?

ప్రత్యేకమైన గది ఎక్కడిదండీ అంటారేమో. వాడని స్నానాల గది అయినా, తలుపు ఉన్న సామాన్ల గది అయినా చాలు. గాలి, వెలుతురు ఉండాలి. పిల్లి నక్కి కూర్చునేందుకు ఒక అట్టపెట్టెను బోర్లించి, ఒక పక్క ద్వారంలా కోసి పెట్టండి. కొత్త చోట పిల్లికి కావలసింది మెత్తటి పరుపు కాదు, దాక్కునే మూల. ఒక వెడల్పాటి తొట్టెలో ఇసుక పోసి గది చివర ఉంచండి. తిండిగిన్నె, నీళ్ళగిన్నె ఆ తొట్టెకు దూరంగా ఉండాలి. ఎవరైనా తమ మరుగుదొడ్డి పక్కన కూర్చుని భోంచేస్తారా?

పిల్లిని మెట్ల కింద నుంచి వట్టి చేతులతో పట్టుకోవద్దు. మూతవున్న బుట్టలో ఉడికించిన చేప ముక్క వేసి, అదే లోపలికి వచ్చేదాకా ఓపిక పట్టండి. ఒక రోజున రాకపోతే మర్నాడు వస్తుంది. మీ అబ్బాయిని ఈ పనికి పంపవద్దు.

పెరుగన్నం గురించి ఒక మాట. మీ బాబు మనసు మంచిదే. కాని ఆ తిండితో పిల్లికి కడుపు నిండుతుంది గాని ఒళ్ళు నిలవదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల నుంచే దొరకాలి. అది చాలకపోతే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. పిల్లి అనగానే మనకు పాలు గుర్తుకొస్తాయి. కాని పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉప్పు, కారం, ఉల్లిపాయ, వెల్లుల్లి తగలకుండా ఉడికించి ముళ్ళు, ఎముకలు తీసిన చేప, కోడిమాంసం, ఉడికించిన గుడ్డు పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి విషం. శాకాహారుల ఇళ్ళలో మాంసం వండలేకపోతే బజారులో దొరికే పిల్లుల మేత కొని పెట్టడం మేలు. కుక్కల మేత పనికిరాదు.

మీరున్నది విమానాశ్రయం పక్కన కాబట్టి ఇంకొక మాట. మెట్ల మీద తిండి పోసి గంటలకొద్దీ వదిలేయకండి. తినడం కాగానే గిన్నె తీసి కడిగేయండి. మిగిలిన మాంసం ముక్కలకు కాకులు, గద్దలు చేరతాయి, వాటితోపాటు కుక్కలు, ఎలుకలు వస్తాయి. విమానాలకు పక్షులవల్ల ప్రమాదం కాబట్టే విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో చెత్త, మాంసం వ్యర్థాలు బయట పారవేయడాన్ని చట్టం నిషేధించింది.

ముందు వాసన, తర్వాత చూపు

కుక్కలు మంద జంతువులు. పిల్లి అలా కాదు. దాని పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల్లో ఒంటరిగా వేటాడి బతికిన అడవిపిల్లులు. ధాన్యపు గాదెల దగ్గర ఎలుకల కోసం చేరి మనిషికి అలవాటుపడ్డాయి. కాని తన హద్దులు తనకుండాలన్న గుణం మాత్రం పోలేదు. నాలుగేళ్ళుగా ఆ ఇల్లంతా నాదే అనుకుంటున్న మీ పిల్లికి, ఉన్నట్టుండి తలుపులోంచి వచ్చిన పిల్లి దొంగలాగే కనిపిస్తుంది. అది బుసకొట్టడంలో దాని తప్పేమీ లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లు, రెండు పిల్లులను ఒక్కసారిగా ఒక గదిలో పడేస్తే ఇమడవు. మెల్లమెల్లగా అలవాటు చేస్తే చాలావరకు సర్దుకుంటాయి.

పిల్లికి మనిషిని గుర్తుపట్టాలన్నా, తోటి పిల్లిని గుర్తుపట్టాలన్నా ముక్కే ముఖ్యం. అందుకని పశువైద్యుడు ‘ఫరవాలేదు’ అన్నాక, పదిహేను రోజులు గడిచాక, ఈ క్రమంలో నడవండి.

మొదట ఒక శుభ్రమైన గుడ్డతో కొత్త పిల్లి బుగ్గలు నిమిరి, ఆ గుడ్డను పాత పిల్లి తిండిగిన్నెకు కొంచెం దూరంగా ఉంచండి. పాతదాని వాసన కొత్తదానికీ అలాగే చూపించండి. గుడ్డను చూసి బుసకొట్టడం మానేదాకా రోజూ చేయండి.

తర్వాత మూసిన తలుపుకు ఇటొక గిన్నె, అటొక గిన్నె పెట్టి ఒకే వేళకు తిండి పెట్టండి. మొదట తలుపుకు దూరంగా, తర్వాత రోజుకు కొంచెం చొప్పున దగ్గరగా జరపండి. అవతలి పిల్లి వాసన వచ్చిందంటే తిండి వేళయిందని రెండింటికీ అలవాటవుతుంది.

ఆ తర్వాత రోజుకొక గంట గదులు మార్చండి. పాతదాన్ని ఆ గదిలో ఉంచి, కొత్తదాన్ని ఇల్లు చూడనివ్వండి. అప్పటికింకా రెండూ ఎదురుపడకూడదు.

నాలుగోది చూపు. తలుపును బెత్తెడు మాత్రమే తెరిచి కదలకుండా కట్టండి, లేదా దోమల జాలీ తలుపు ఉంటే అది వేయండి. రెండూ చూసుకుంటూ తింటే శుభం. తిండి వదిలి ఒకదాన్నొకటి రెప్పవేయకుండా చూస్తూ, చెవులు వెనక్కి అణిచి, తోక ఉబ్బించి, గుర్రుమంటే తొందరపడ్డామన్నమాట. మళ్ళీ రెండు మెట్లు వెనక్కి రండి.

చివరగా, ఒకే గదిలో అయిదు నిమిషాలు కలపండి. మీరు దగ్గరే ఉండాలి. బాగుంటే రోజూ కొంత పెంచండి. ఇందుకు కొన్నింటికి రెండు వారాలు పడుతుంది, కొన్నింటికి రెండు మూడు నెలలు. కొత్తకోడలు అత్తవారింట్లో సర్దుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరైనా ముందుగా చెప్పగలరా? ఒకదాన్నొకటి ముద్దులాడకపోయినా ఫరవాలేదు. ఎవరి మూలన అవి పడుకుని, పోట్లాడకుండా తింటే చాలు.

ఇసుక తొట్లు రెండు పిల్లులకు మూడు ఉండాలి. తిండిగిన్నెలు, నీళ్ళగిన్నెలు వేర్వేరు చోట్ల ఉండాలి. సగం పోట్లాటలు వీటి దగ్గరే మొదలవుతాయి.

ఒకవేళ కలబడితే మాత్రం మధ్యలో చెయ్యి పెట్టవద్దు. పిల్లికి ఆ సమయంలో యజమాని చెయ్యి అని తెలియదు. గట్టిగా చప్పట్లు కొట్టండి, రెండింటి మధ్య ఒక అట్టముక్క దూర్చండి, లేదా దుప్పటి విసరండి.

మీ పిల్లి సరిగ్గా తినడం లేదన్నారు. ఆనాటి గొడవలో దానికి గాటు పడిందేమో చర్మం అంతా తడిమి చూడండి. వాపు, నొప్పి ఉంటే పశువైద్యుడికి చూపించండి. గాటు లేకపోయినా, ఒకటి రెండు రోజులు పూర్తిగా తినడం మానేస్తే ఇక ఆగవద్దు. తిండి మానిన పిల్లికి త్వరలోనే కాలేయం చెడుతుంది.

మీవారి మాట

ఇది కొన్నేళ్ళ కిందటి సంగతి. నేను నగరం శివార్లలో పనిచేస్తున్నాను. ఒక తల్లి పదకొండేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లవాడి కుడిచెయ్యి మణికట్టు దాకా వాచి ఎర్రగా కాలిపోతోంది. జ్వరం కూడా ఉంది. ముల్లు గుచ్చుకుందన్నాడు. చేతిమీద చూస్తే పక్కపక్కన రెండు సన్నటి రంధ్రాలు, వాటిమీద పసుపు. తల్లిని మందుల చీటీతో బయటికి పంపి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. కాసేపు తల వంచుకుని, “పిల్లి కర్సింది సార్. మూడు దినాలాయె. జెప్తె మా నాయిన దాన్ని ఇడిసిపెట్టొస్తనన్నడు. అందుకె జెప్పలే” అన్నాడు.

ఆ పిల్లవాడికి వెంటనే మందులు మొదలుపెట్టాం. రేబిస్ టీకా, ధనుర్వాతం టీకా వేశాం. గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాం. చెయ్యి తగ్గింది, పిల్లవాడు బాగున్నాడు. పిల్లి ఎలా ఉందో చూడమని తండ్రికి కబురు పెట్టాను. సంగతి తెలిసిన ఆ సాయంత్రమే ఆయన పిల్లిని గోనెసంచిలో వేసుకుపోయి ఎక్కడో వదిలేసి వచ్చాడు. కరిచిన పిల్లి కళ్ళముందు ఉంటే పది రోజులు గమనించేవాళ్ళం. ఆ అవకాశం లేకపోయింది. ఆ తల్లి మాత్రం నెలల తరబడి కొడుకు మంచినీళ్ళు తాగుతుంటే గుటక పడుతోందా లేదా అని చూస్తూ ఉండేది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. నేను చదువుకునే రోజుల్లో రేబిస్ వచ్చిన మనిషిని చూశాను. దాహమని నీళ్ళు అడుగుతాడు, గ్లాసు దగ్గరికి రాగానే గొంతు పట్టేసి విలవిలలాడుతాడు. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు. ఎవరో అరుదుగా తప్ప బతకరు. కాని లక్షణాలు రాకముందే, కరిచిన వెంటనే సరైన చికిత్స చేస్తే రాకుండా ఆపగల జబ్బు కూడా అదే. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక్కటే, పిల్లవాడు వచ్చి ‘అమ్మా, పిల్లి గీరింది’ అని చెప్పడం.

అందుకే అంటున్నాను. మీవారు బాబును దగ్గరికి పిలిచి ఇలా చెప్పాలి: “నాయనా, పిల్లి గీరినా, కరిచినా ఆ నిమిషమే మాకు చెప్పు. నిన్ను తిట్టం. పిల్లిని వదిలేయం.” ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా. మీ బాబు ఇప్పటికే నెల రోజులుగా ఆ పిల్లికి తిండి పెడుతున్నాడు. ఇంతవరకు ఏమైనా గీరిందా అని ఈ రోజే మెల్లగా అడగండి. చేతులు, కాళ్ళు చూడండి. గీరిందని చెబితే ఎన్నాళ్ళయిందని లెక్క చూసుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆలస్యమైనా టీకా వేయించుకోవలసిందే.

గీరితే, కరిస్తే ఏం చేయాలి?

మొదట కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి. ‘రెండు చెంబుల నీళ్ళు పోశాను’ అంటే చాలదు. కడగడంతోనే చాలా వైరస్ పోతుంది. తర్వాత అయొడిన్ మందు రాయవచ్చు. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. కుట్లు సాధారణంగా వేయరు.

తర్వాత ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. టీకా ఉచితం. చర్మం గీరుకుని రక్తం రాకపోయినా టీకా కావాలి. రక్తం వచ్చినా, పన్ను దిగినా, పుండు మీద నాకినా టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా కాపలా కాసేది ఈ మందే. మొదటి ఇంజెక్షన్ రోజును సున్నాగా లెక్కించి, చర్మంలోకి వేసే పద్ధతిలో 3, 7, 28 రోజులకు, కండలోకి వేసే పద్ధతిలో 3, 7, 14, 28 రోజులకు మిగతావి వేస్తారు. ఒక్కటి కూడా మానకూడదు. లోగడ పూర్తిగా టీకాలు వేయించుకున్నవారు ఆ కాగితం చూపిస్తే రెండు ఇంజెక్షన్లతో సరిపోతుంది.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లనే భయంతో ఇప్పటికీ కొందరు దాక్కుంటారు. ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పటివి భుజానికి వేసే చిన్న ఇంజెక్షన్లు. గర్భిణులకూ, పసిపిల్లలకూ వేయవచ్చు.

కరిచిన పిల్లి పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, కరిచిననాడు దాని లాలాజలంలో రేబిస్ లేనట్లే. కాని ఆ పది రోజులు చూద్దామని టీకా ఆపకూడదు. టీకా మొదలుపెట్టి, పిల్లిని గమనించాలి. మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి. ముందు చెప్పిన పదిహేను రోజుల ఏకాంతం గడిచినంత మాత్రాన పిల్లికి రేబిస్ లేదని రుజువైనట్లు కాదు. ఆ జబ్బు నెలల తరబడి ఒంట్లో దాగి ఉండగలదు. అందుకే పిల్లికి టీకా తప్పదు, గీరితే మనకూ టీకా తప్పదు.

రేబిస్ సంగతి అలా ఉంచినా పిల్లికాటు తేలికైనది కాదు. దాని పళ్ళు సూదుల్లా లోతుకు దిగుతాయి. పైన చర్మం మూసుకుంటుంది, లోపల సూక్ష్మజీవులు మిగిలిపోతాయి. చేతిమీద కాటైతే ఒక్క రోజులోనే వాపు రావచ్చు. డాక్టరు రాసిన మందులు పూర్తిగా వాడాలి. గీరిన కొన్ని వారాలకు చంకలోనో, మెడలోనో బిళ్ళ కట్టి జ్వరం వస్తే, పిల్లి గీరిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

పురిటికి వచ్చే ఆడపడుచు

పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి గర్భిణులకు సోకితే కడుపులో బిడ్డకు హాని జరగవచ్చు. అందుకని పిల్లిని చూసి పారిపోనక్కరలేదు. పిల్లిని నిమిరితే రాదు. ఆ సూక్ష్మజీవి పిల్లికి మొదటిసారి సోకినప్పుడు కొద్ది వారాలు మాత్రమే మలంలో బయటికి వస్తుంది. మలం పడిన తర్వాత కూడా ఒకటి నుంచి అయిదు రోజులు గడిస్తేనే అంటుకునే శక్తి వస్తుంది. కాబట్టి ఇసుక తొట్టెను రోజూ శుభ్రం చేస్తే సగం భయం తీరినట్లే. ఆ పని మీరో, మీవారో చేయాలి, ఆడపడుచు చేయకూడదు. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టి అంటిన చేతుల ద్వారా కూడా ఇది వస్తుంది. ఆ జాగ్రత్త పిల్లి లేని ఇళ్ళలోనూ అవసరమే.

మీకు రెండు నెలల వ్యవధి ఉంది. ఈ వారంలోనే మొదలుపెడితే పదిహేను రోజుల ఏకాంతం, పరీక్షలు, పరిచయాలు ఆమె వచ్చేలోగా ముగియవచ్చు. ఏదైనా కారణంతో ఆలస్యమైతే కాన్పు అయి ఆమె వెళ్ళేదాకా మెట్ల కిందే ఉంచి తిండి పెట్టండి. ఈలోగా టీకా, ఆపరేషన్ కానివ్వండి. పసిబిడ్డ పడుకున్న గదిలోకి ఏ పిల్లినీ ఒంటరిగా రానివ్వవద్దు.

అత్తగారి అనుమానం

వెంట్రుక కడుపులోకి పోతే ఆయాసం రాదు. కాని పెద్దావిడ మాటలో కొంత నిజం ఉంది. పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక మాంసకృత్తు కొందరికి పడదు. పిల్లి ఒళ్ళు నాక్కున్నప్పుడు అది వెంట్రుకలకు అంటి, ఎండి, దుమ్ముగా గాలిలో తేలుతుంది. ఉబ్బసం ఉన్నవారికి దానివల్ల తుమ్ములు, ఆయాసం ఎక్కువ కావచ్చు. మీ ఇంట్లో నాలుగేళ్ళుగా పిల్లి ఉన్నా ఎవరికీ ఏమీ కాలేదంటే మరీ భయపడనక్కరలేదు. పడకగదిలోకి మాత్రం రానివ్వవద్దు. చర్మంమీద గుండ్రటి తామర మచ్చ కనిపిస్తే మనిషికీ పిల్లికీ ఇద్దరికీ మందు వాడాలి.

మన మందు దానికి విషం

చివరగా ఒక హెచ్చరిక. పిల్లికి జ్వరంగా ఉందని మన పారాసెటమాల్ బిళ్ళలో ముక్క విరిచి వేసేవారున్నారు. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీయగలదు. మనుషుల మందు ఏదీ సొంతంగా వేయవద్దు. కుక్కలకు వాడే పేల మందులు కూడా కొన్ని పిల్లికి విషమే. ఫినాయిల్‌తో తుడిచిన నేలమీద పిల్లి నడిచి పాదాలు నాక్కుంటే అది కడుపులోకి పోతుంది. పిల్లి ఉండే గదిని సబ్బునీళ్ళతో కడిగి, పలుచటి బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి, మళ్ళీ మంచినీళ్ళు పోసి, ఆరాక మాత్రమే లోపలికి రానివ్వండి.

అమ్మా, మీ మెట్ల కింది పిల్లికి మీరు చేయబోయేది మంచిపనే. ఓపికగా చేస్తే మీ పాత పిల్లికి కూడా అన్యాయం జరగదు. ఈ కాగితం మడిచి పెట్టేముందు మీ బాబును దగ్గర కూర్చోబెట్టుకుని చేతులు చూడండి. మీవారి చేత ఆ ఒక్క మాట చెప్పించండి. గదీ, తొట్టె, గిన్నెలూ రేపు చూసుకోవచ్చు.